మూరకో గుప్పెడు

లక్క కరిగించే భూషణానికి కుడిచేతి వేళ్ల కొసల మీద రేఖలు ఉండేవి కావు. ముప్పై ఏళ్లుగా కాగిన లక్కను తడిచేత్తో సరిచేస్తూ రావడం వల్ల అవి అరిగిపోయాయి. బస్తర్ రాజ్యపు దక్షిణపు కొసన, శబరి ఒడ్డున ఉన్న కుంటలో ఏడో నంబరు భట్టీ అతనిది. భట్టీ అంటే పెద్ద కార్ఖానా ఏమీ కాదు: ఒక మట్టి పొయ్యి, దాని ముందు ఇరవై మూరల గుడ్డసంచి, ముగ్గురు మనుషులు. కడిగి ఎండబెట్టిన లక్క గింజలు నింపిన ఆ సంచి ఒక కొసను భూషణం నిప్పుల సెగకు పట్టేవాడు. రెండో కొసను దూరంగా కూర్చున్న భార్య వెంకమ్మ మెలితిప్పేది. గుడ్డలోంచి చెమటలా ఊరిన లక్కను కేసా అనే దొర్ల తెగవాడు చేతులతో, కాళ్లతో, పళ్లతో పట్టి పలుచని రేకుగా సాగదీసేవాడు.

1936 మే నెల మొదటి వారంలో అడవి కచేరీ మున్షీ ఒక కాగితం తెచ్చి చదివి వినిపించాడు. తూర్పు తీరపు పట్నంలో ఒక కళాశాలకు సొంత మ్యూజియం ఉన్నది. అక్కడ పగిలిన పురాతన పాత్రలను లక్కతో అతికిస్తారు. ఏడో నంబరు లక్కతో అతికిన ముక్కలు ఎండలు ముదరగానే జారిపోయాయట. లక్కలో కల్తీ ఉన్నదని తేలితే, కుసుం చెట్ల మీది లక్క పంట దిగేలోగా భట్టీ పట్టా రద్దవుతుంది. సంజాయిషీకి గడువు నెలాఖరు.

భూషణం కాగితాన్ని తిరిగి మడిచి ఇచ్చేశాడు. ఆ వృత్తిలో కల్తీ అంటే ఇసుక, ఇటుకపొడి, బెరడు తునకలు. అవి అతని సంచిలో ఏనాడూ పడలేదు.

"నేనే పోయి చూసొస్త," అన్నాడు.

"పోయి ఏం జేస్తవ్? పగిలిన కుండల్ని సాక్ష్యం అడుగుతవా?" అన్నది వెంకమ్మ.

"కుండలు జెప్పకుంటే లక్క జెప్తది."

"మామా, నా పండ్ల సంగతి గూడ అడుగుతరేమో. వాటిల కల్తీ లేదని జెప్పు. ఊడినయ్ రెండే," అన్నాడు కేసా.

పడవలో కూనవరం, అక్కణ్ణుంచి లాంచీలో రాజమండ్రి, ఆపైన రైలు. నాలుగో రోజు మధ్యాహ్నానికి భూషణం కళాశాల మెట్లెక్కాడు. రసాయనశాస్త్రం బోధిస్తూ మ్యూజియాన్ని కూడా చూసుకునే జగన్నాథ పంతులు, కచేరీ తరఫున ఎవరో గుమాస్తా వస్తాడనుకున్నాడు గాని, కరిగించేవాడే వస్తాడనుకోలేదు.

"ఇంత దూరం నువ్వే వచ్చావా? ఉత్తరం రాస్తే సరిపోయేది కదయ్యా!"

"ఉత్తరంల కుండ కనబడదు గద పంతులుగోరూ."

పంతులు ముక్కుపొడి ఒక పట్టు పట్టి, నవ్వి, తాళం తీశాడు.

అది పొడుగాటి గది. పడమటివైపు కప్పులో వెలుతురు కోసం గాజుపలకలు అమర్చారు. కింద ఆరు గాజు బీరువాలు. "ఇవి మన దేశపువి కావు," అన్నాడు పంతులు. "పడమట, ఎన్నో సముద్రాల అవతల క్రీటు అనే ద్వీపం ఉంది. మూడున్నర వేల ఏళ్ల కిందట అక్కడ బతికినవాళ్లను మినోవన్లంటారు. వాళ్లు చేసుకున్నవి. ఆ ద్వీపంలో ఓడరేవు పని చేయించిన ఇంజనీరొకాయన ఈ ఊళ్లో స్థిరపడి, పోతూ పోతూ మాకు అప్పగించి పోయాడు."

భూషణం మొదట చూసింది రెండువైపులా అంచున్న కంచు గొడ్డలి. కామ దూరే బెజ్జం చిటికెనవేలంత కూడా లేదు. "దీంతోని చెట్టు కొట్టలె. మొక్కుబడిది," అన్నాడు. పంతులు అవునన్నట్టు తలూపాడు. పక్కన పోతపోసిన సున్నపు బొమ్మ ఒకటి: పరుగెత్తే ఎద్దు, దాని వీపు మీదుగా తలకిందులుగా దూకుతున్న మనిషి.

"ఈ ఎద్దు వీని మాట ఎట్ల ఇన్నదో!"

"విన్నదో లేదో ఇంకా తేలలేదు. అది నకలు. అసలుది ఆ ద్వీపంలోనే ఉంది. మన తగాదా నకలుతో కాదు, ఇటు రా."

మూడో బీరువాలో ఉన్నది అసలు జాడీ. జానెడున్నర ఎత్తు, లేత పసుపు మట్టి. దాని పొట్ట చుట్టూ నల్లటి రంగుతో గుండ్రని కళ్ల జంతువొకటి చేతులన్నీ చాచి అల్లుకొని ఉంది. ఆ చేతులు ముక్కలు ముక్కలై అడుగు పలక మీద పడి ఉన్నాయి.

"సాలెపురుగా?"

"సముద్రంలో ఉండేది. ఎనిమిది చేతులు."

"ఎనిమిదా! మా భట్టీల ఇదొక్కటుంటే సాలు, మేం ముగ్గురం ఇంటికి పోవచ్చు."

నవ్వు అక్కడితో ఆగింది. భూషణం మోకాళ్ల మీద కూర్చొని అతుకులు లెక్కపెట్టాడు. మొత్తం పంతొమ్మిది. అందులో ఏడు జారాయి. విరిగి ఊడినవి కావు. మెత్తబడి, బరువుకు దిగి, మళ్లీ గట్టిపడినవి. గోధుమరంగు చార ఒక్కోచోట గింజంత మందాన కిందికి కారి ఉంది.

"ఎప్పుడు అతికిన్రు?"

"నిరుడు నవంబరులో. దీనికిదే మొదటి ఎండాకాలం."

"పక్కన ఆ గిన్నె?"

"ఆరేళ్లయింది. వేరేచోటి లక్క. అది కదల్లేదు."

భూషణం ప్రశ్నలు ఒకటొకటిగా అడిగాడు. లక్కను నానబెట్టిన స్పిరిటు ఒకటేనా? ఒకటే. మట్టి తడిగా ఉండగా అతికారా? లేదు, రెండూ పొయ్యి దగ్గర ఆరబెట్టినవే. బీరువా జరిపారా? లేదు. అంటే అదే పలక, అదే ఎండ, అదే చెయ్యి. మిగిలిన తేడా ఒక్కటే: లక్క.

"దీపం కావాలె. ఒక సూది, ఒక చాకు."

పంతులు ప్రయోగశాల నుంచి స్పిరిటు దీపం తెప్పించాడు. భూషణం పాత గిన్నె అతుకు నుంచి బియ్యపుగింజంత లక్క గీరి, చాకు మొన మీద కరిగించి, సూదితో లాగాడు. బంగారు దారం జానెడు సాగి నిలిచింది. తరువాత తన లక్క. అది త్వరగా కరిగింది. దారం నాలుగు వేళ్ల వెడల్పుకే తెగింది. అతను చాకును ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. లక్క వాసన వెనక మరొకటి, పదునైనది.

"ఏమైనా తెలుస్తోందా? నాకు ఈ పొడి వల్ల ఇరవై ఏళ్లుగా ఏ వాసనా తెలియదు," అన్నాడు పంతులు. ఉష్ణమాపకాన్ని బీరువాలోంచి తీసి చూశాడు. "నూట ఇరవై ఎనిమిది డిగ్రీల ఫారన్‌హీటు. చూడు, ఇంత వేడికి ఏది ఆగుతుంది? ఎండే కారణమని రాసి పంపుతాను. మీ కచేరీవాళ్లు అడ్డు చెప్పరు. నీ పట్టాకు ఢోకా లేదు."

గదిలో ఆ వాసన తెలిసినవాడు భూషణం ఒక్కడే. అతను సూదిని గుడ్డతో తుడిచి, చాకు పక్కన పెట్టాడు.

"మీ కాడ రాల్ ఉన్నదా? పైను చెట్టు బంక కాచి గట్టిపరిచింది."

"ఉంది. ఎందుకు?"

"త్రాసు గూడ దెప్పియ్యుండ్రి."

తెచ్చిన రాల్ పొడిలో అతను చెయ్యి ముంచి, పని దగ్గర తీసినట్టే ఒక గుప్పెడు తీసి పళ్లెంలో పోశాడు. ఆరు తులాలు తూగింది.

"మా సంచి సాఫుగ ఊరాలని మూరకో గుప్పెడు ఏస్తం," అన్నాడు. "మా నాయిన ఏసిండు, నేనేస్తున్న. కూరల ఉప్పసొంటిదని జెప్పిండు. కల్తీ అనుకోలె. ఎన్నడు తూచలె. ఇరవై మూరలు."

"నూట ఇరవై తులాలు. సంచిలో లక్క ఎంత?"

"పదిహేను శేర్లు."

పంతులు వేళ్ల మీద లెక్క కట్టనక్కరలేకపోయింది. శేరుకు ఎనభై లెక్కన పన్నెండు వందల తులాల లక్కకు నూట ఇరవై, అంటే పదో వంతు. అతను ముక్కుపొడి డబ్బీ తెరిచి, మళ్లీ మూశాడు.

"ఇది ఉప్పు కాదయ్యా. ఇది నేను రాశానంటే నీ భట్టీ మూస్తారు. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"ఎండ మీద రాస్తే వచ్చే పంటకు నేను మళ్లీ గిదే ఏస్త. మీరు మళ్లీ గిదే అతుకుతరు. ఉన్నదే రాయుండ్రి. ఇంకోటి గూడ రాయుండ్రి: రాల్ లేకుండ ఒక సంచి తీస్త. మున్షీని ముందర కూసోబెట్టి తీస్త. దారం జానెడు రాకుంటే అప్పుడు పట్టా తీస్కొమ్మను."

పంతులు రెండూ రాశాడు. కిందా మీదా మరోసారి చదివి, పరీక్ష చేసే పద్ధతిని కూడా జతచేశాడు.

కుంటలో ఆ కాగితానికి మంచి పేరు రాలేదు. పట్టా మున్షీ పెట్టెలోకి పోయింది. మిగతా భట్టీల వాళ్లు దారిలో నిలేశారు. "మూరకో గుప్పెడు అందరం ఏసేదే. నువ్వు పట్నం పోయి ఊరందరి నోట్ల దుమ్ము గొట్టినవ్!" వెంకమ్మ వాళ్లకు జవాబు చెప్పింది గాని ఇంట్లో మాత్రం, "కుండ సంగతి నీకెందుకయ్యా? దాన్ని జేసినోడు ఎప్పుడో పాయె," అన్నది.

"పాయె. అతుకు మనది."

జూన్ మూడో వారంలో మున్షీ పీట వేసుక్కూర్చున్నాడు. రాల్ లేని మొదటి సంచి ఊరలేదు. వెంకమ్మ బలం కొద్దీ తిప్పింది. భూషణం సెగకు ఇంకా దగ్గరగా జరిపాడు. గుడ్డ మాడి, లక్క గడ్డకట్టింది. రెండోదీ అంతే. మున్షీ పట్టా రద్దు కాగితం తీశాడు.

"రేపు ఒక్కపూట ఆగుండ్రి," అన్నాడు భూషణం.

ఆ సాయంత్రం అతను మాడిన సంచి చీల్చి, గడ్డలను గోటితో విడదీసి చూశాడు. అవి నిరుటి నిల్వ గింజలు. పాతబడ్డ లక్క సెగకు కరగకముందే ముదురుతుంది. ఇన్నాళ్లూ రాల్ ఆ లోపాన్ని కప్పిపెట్టింది. మర్నాడు పొద్దున్నే ముయె అనే కోయ ఆడమనిషి కుసుం చెట్ల మీంచి అప్పుడే దించిన లక్కను తట్టతో తెచ్చింది. దాన్ని సన్నగా దంచి, ఎప్పటిలా రెండుసార్లు కాక నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగుసార్లు కడిగారు. ఆరబెట్టి సంచి నింపి, సెగకు దూరంగానే పట్టి నెమ్మదిగా తిప్పారు. మధ్యాహ్నానికి గుడ్డ మీద మొదటి చుక్క ఊరింది. రోజుకు పన్నెండు రేకులు దిగే భట్టీలో ఆనాడు దిగినవి అయిదు. మున్షీ సూదితో తనే దారం లాగాడు. జానెడు దాటి రెండు వేళ్లు.

పట్టా ఒక్క పంటకే ఇచ్చారు. ప్రతి పంటకూ ఇదే పరీక్ష జరగాలని కింద రాశారు. భూషణం సరేనన్నాడు. రేకులు తక్కువ దిగినందుకు కేసా కొన్నాళ్లు గొణిగాడు. రాల్ లేని రేకు పళ్లకు అంటదని తెలిశాక మానేశాడు.

మరుసటి మే నెలలో, ఎవరూ పిలవకుండానే, భూషణం మళ్లీ నాలుగు రోజులు ప్రయాణం చేసి మ్యూజియానికి వెళ్లాడు. మధ్యాహ్నం రెండు గంటలకు బీరువా తీయించాడు. ఉష్ణమాపకం నూట ఇరవై తొమ్మిది చూపింది. ఎనిమిది చేతుల జంతువు చుట్టూ పంతులు రాల్ లేని కొత్త లక్కతో మళ్లీ వేసిన పంతొమ్మిది అతుకుల మీదా వరసగా గోరు ఆనించి నొక్కాడు. ఎక్కడా గాటు పడలేదు. పంతులు ఏదో అనబోయాడు గాని, భూషణం చెయ్యెత్తి ఆపి, మొదటి అతుకు నుంచి మరోసారి చూడడం మొదలుపెట్టాడు.