కట్ చెప్పేముందు

మొన్న సాయంత్రం చిక్కడపల్లిలో మిర్చీ బండి ముందు ఇద్దరు కోచింగ్ సెంటర్ పిల్లలు రీల్ తీసుకుంటున్నారు. అమ్మాయి ఏదో చెప్పి నవ్వబోయింది. ఆ నవ్వు పెదాల దాకా రాకముందే ఫోన్ పట్టుకున్న అబ్బాయి ‘కట్’ అనేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. ‘‘తమ్మీ, కట్ చెప్పేముందు జర ఆగాలె’’ అన్నాను. వాడు నన్ను పైనుంచి కిందికి చూసి, ‘‘అంకుల్, మీరు ఫ్రేమ్‌ల పడ్తున్నరు’’ అన్నాడు. నాకింకా పెళ్లి కూడా కాలేదు. అయినా ఆ ‘జర ఆగాలె’ నా సొంత మాట కాదు, మా మేనత్తది.

మా అత్త టెలివిజన్‌లో ప్రొడ్యూసర్‌గా చేసింది. ఆమె చేరిన రోజుల్లో టీవీలో ఆడవాళ్లంటే వార్తలు చదివేవాళ్లు, పాటలు పాడేవాళ్లు. కెమెరా వెనక నిలబడి మగవాళ్లకు పని చెప్పే ఆడమనిషిని జనం ఎరగరు. ‘నువ్వే మొదటిదానివా అత్తా’ అంటే, ‘‘మొదటిదాన్నో రెండోదాన్నో, కుర్చీ మాత్రం ఒకటే ఉండె’’ అనేది. పొద్దున్నే అశోక్‌నగర్‌లో మా సందు మొగలో ఆఫీసు వ్యాన్ హారన్ కొట్టేది. తడి జుట్టు ముడేసుకుంటూ అత్త పరుగెత్తేది. ‘‘మీ వదిన టీవీల కనవడ్తదా?’’ అని పక్కింటివాళ్లు అమ్మనడిగేవారు. ‘‘కనవడదు, చూపిస్తది’’ అనేది అమ్మ. ఆ జవాబు ఎవరికీ ఆనేది కాదు.

అత్తకో అలవాటుంది. ప్రొడ్యూసర్లు అద్దాల గదిలో కూర్చుంటారు. ఈవిడ మాత్రం ఫ్లోర్ మీదికొచ్చి నిలబడి, మాట్లాడేవాళ్ల మాట అయిపోగానే అరచెయ్యి పైకెత్తేది. ఆ చెయ్యి దిగేదాకా కెమెరా ఆగకూడదు, ఎవరూ కదలకూడదు. మాట అయిపోయాకే మనిషి మొహంలోకి అసలు సంగతి వస్తుందని ఆమె నమ్మకం. ఇంట్లోనూ అంతే. పాలవాడు ‘‘చిక్కటి పాలమ్మా’’ అంటే అత్త ఏమీ అనకుండా చూసేది. కాసేపటికి వాడే, ‘‘ఏమో అమ్మా, జర నీళ్లు తగిలినయేమో’’ అనేవాడు.

ఆ మౌనం పనిచెయ్యనిది ఒక్క నానమ్మ మీదే. కూతురి ఉద్యోగాన్ని నానమ్మ ‘డబ్బా కొలువు’ అనేది. తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. కార్యక్రమం వచ్చినప్పుడల్లా అత్త టీవీని వదిలేసి నానమ్మ మొహం చూసేది. నానమ్మ మాత్రం బియ్యంలో రాళ్లు చూసేది.

ఒక ఎండాకాలం పచ్చళ్ల కార్యక్రమానికి రావాల్సిన ఆవిడకు జ్వరమొచ్చింది. వేరే దారిలేక అత్త నానమ్మను బతిమాలింది. నానమ్మ ఒప్పుకోగానే ఇంటిల్లిపాదీ పెళ్లికి పోతున్నట్టు వ్యాన్ ఎక్కాం. నారాయణగూడ దాటేసరికే వ్యానంతా మామిడికాయ తొక్కు వాసన. బయట నిప్పులు చెరిగే ఎండ, స్టూడియోలో చీకటి, చల్లదనం, ఆ చీకటి నడుమ ఒక గుండ్రటి వెలుతురు, అందులో మా నానమ్మ. దేవత ప్రత్యక్షమైనట్టుందని రాద్దామనుకున్నాను గానీ, దేవత అప్పటికే ముగ్గురిని ‘‘చెప్పులిడిసి రాండ్రి’’ అని కసిరింది.

తొక్కు కలిపింది, చెప్పాల్సింది చెప్పింది, ఆగింది. అత్త చెయ్యెత్తింది. అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. నానమ్మ ఆ చెయ్యిని చూసింది, ఊపిరి బిగబట్టిన మగవాళ్లను చూసింది.

‘‘గా ఒక్క చెయ్యి లేపితె ఇంతమంది ఊకున్నరు’’ అంది మెల్లగా. ‘‘ఇంట్ల నేను మొత్తుకున్నా ఎవ్వడూ ఊకోడు. మంచిగ చేస్తున్నది నా బిడ్డ.’’

అత్త చెయ్యి అలాగే ఉండిపోయింది. దించడం మరిచిపోయిందని మాకు తెలుస్తూనే ఉంది. చివరికి నానమ్మే, ‘‘ఇంగ మూత పెట్టుండ్రి, ఈగలు వాల్తయి’’ అని తనే కట్ చెప్పేసింది.

ప్రసారమయ్యే రోజు సందు సందంతా మా హాల్లో ఉంది. నానమ్మ కొత్త చీర కట్టుకుని కూర్చుంది. బియ్యం చాట ఊసే లేదు. తెరమీద తొక్కు అయింది, పేర్లు పడ్డాయి. ఆ మాట మాత్రం రాలేదు.

‘‘నేనన్న మాటేదే?’’ అంది నానమ్మ.

‘‘తీసేసిన అమ్మా. నా ప్రోగ్రాంల నన్నే పొగిడించుకుంటె మంచిగుండదు.’’

ఈసారి మౌనం నానమ్మది. అందరం చూస్తున్నాం. ‘‘టీవీ కోసం అన్ననా పిల్లా? నీ కోసం అన్న’’ అని లేచి వెళ్లి, గిన్నెలు సర్దుకుంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట అనలేదు. అప్పట్లో క్యాసెట్లు కరువు. ఆ షూటింగ్ క్యాసెట్ మీదే మిరప చీడపీడల కార్యక్రమం రికార్డు చేశారు. నానమ్మ మెచ్చుకోలు మీద తామర పురుగు పాకింది.

రీల్ పిల్లల సంగతి చెబుదామని అటునుంచటే అత్త దగ్గరికి వెళ్లాను. రిటైరై చాన్నాళ్లయింది. బాల్కనీలో చాయ్ ఇచ్చింది. ‘‘ఆ ముక్క తీసేసినందుకు ఎప్పుడన్నా బాధనిపించిందా అత్తా?’’ అన్నాను. ‘‘పనంటె పనే గదరా’’ అంది. నేనేమీ అనలేదు. ఆమె నేర్పిన విద్యే. కింద సందులో లైట్లు వెలిగాయి. ఎవరో స్కూటర్ తన్నుతున్నారు, అది స్టార్టవడం లేదు.

‘‘కట్ చేసేముందు తిప్పి తిప్పి చూసిన’’ అంది చాలాసేపటికి. ‘‘ఎడిటర్ పరేషానయ్యి బయటికి పోయిండు. మాట కాదురా. అన్నంక అమ్మ నా దిక్కు చూసింది. అది చూసిన.’’ వెంటనే నా ఎత్తు కనిపెట్టేసింది. ‘‘నా చెయ్యి నా మీదనే లేపుతున్నవా? తాగు, చాయ్ సల్లారుతది.’’

కాలం అంత మంచి ప్రొడ్యూసరేమీ కాదు. మాట అయిందో లేదో చూడకుండానే కట్ అనేస్తుంది. ఆ సాయంత్రం మాత్రం, ఎందుకో, కాసేపు చెయ్యి దించడం మరిచిపోయింది.