జోజప్ప మాట్లాడిన కూడిక

మా మరిది జోజప్ప పాట ఎత్తుకుంటే తిరువూరు చర్చిలో చంటిపిల్లలు కూడా గోల మానేవాళ్ళు. మాట దగ్గరికొచ్చేసరికి నత్తి. అతను ఎక్కడ ఆగిపోయినా మావాళ్ళు “పాట అందుకో జోజప్పా” అనేవాళ్ళు. సాక్ష్యం చెప్పడానికి లేచినా పాటే. పెళ్ళిలో ప్రమాణం కూడా అతన్ని ఒక్కడినే చెప్పనివ్వలేదు. పాత పాస్టరుగారు తన గొంతు కలిపి ఇద్దరూ ఒకేసారి చదివేశారు. పక్కన ఇంకో గొంతు కలిస్తే అతనికి నత్తి రాదు. అందరూ దయగల మనుషులే. కాసేపు ఆగి వినే ఓపిక మాత్రం ఎవరికీ లేదు.

చిన్నప్పుడు వస అరగదీసి నాలుకకి రాశారు. గులకరాళ్ళు నోట్లో పెట్టించారు. బళ్ళో పంతులు చెంపమీద కొడితే పోతుందన్నాడు. ఏదీ పనిచెయ్యలేదు. కూతురు షైని పెద్దయ్యాక అతన్ని బెజవాడలో మాట డాక్టరమ్మకి చూపించింది. నేనూ వెళ్ళాను. ఇది భయం కాదు, తెలివితక్కువ కాదు, వంశంలో ఉంటే రావచ్చు అందావిడ. నిజమే, జోజప్ప వాళ్ళ నాన్నకీ ఉండేది. చెప్పాల్సిన మాట లోపల తయారుగానే ఉంటుందట, బయటికి వచ్చేచోటే చిక్కట.

“నెమ్మదిగా అనొద్దు. ఊపిరి పీల్చుకో అనొద్దు. మిగతా మాట మీరు అందించొద్దు. మొహం చూస్తూ ఆగండి, చాలు” అంది.

నేను చదివింది రెండో తరగతి. అయినా ఈ సంగతి నాకు కొత్త కాదు. మా చెల్లెలు హన్నమ్మ అతన్ని కట్టుకుని కాపరానికి వచ్చినప్పట్నుంచీ అదే చేసింది. చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉండేది. అతను నోరు తెరిస్తే చేతిలో కాయ అలాగే పట్టుకుని చూసేది. మాట అయిపోయాకే ఈనె తీసేది.

నోరు తిరగని పేర్లని జోజప్ప పక్కనుంచి తప్పించుకునేవాడు. సొంతూరు పెనుగొలను. బస్సులో ఆ పేరు రాక, ఆ తర్వాత వచ్చే ఊరికి టికెట్టు కొని మధ్యలో దిగిపోయేవాడు. హన్నమ్మనీ పేరుపెట్టి పిలవలేదు. మా వైపు మగవాళ్ళు ఎలాగూ పెళ్ళాన్ని పేరుపెట్టి పిలవరు గనక ఎవరూ పట్టించుకోలేదు. హన్నమ్మకి తెలుసు.

ఆ హన్నమ్మ మొన్న ఎండాకాలంలో జ్వరంతో పోయింది. సమాధి చేసి ఇంటికొచ్చాక జోజప్ప ఏడవలేదు. ఆరిన బట్టలు తీసుకొచ్చి మడతపెడుతూ కూర్చున్నాడు. ఆమె చీరలు కూడా మడతపెట్టాడు. నాకూ ఏడుపు రాలేదు. అప్పుడన్నాడు.

“వ... వదినా. కూ... కూడికలో నే... నేనే మాట్లాడతా.”

“మాట్లాడు.”

“పా... పాట వద్దు.”

“వద్దంటే వద్దు.”

మావాళ్ళలో మనిషి పోయాక ఆదరణ కూడిక పెడతారు. పాస్టరుగారు వాక్యం చెప్పాక ఇంటివాళ్ళు లేచి పోయినవాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పాలి. షైనికి ఇది నచ్చలేదు.

“ఎందుకు పెద్దమ్మా, నాన్నని అంతమందిలో నిలబెట్టడం? ఆ నాలుగు మాటలూ పాస్టరుగారే చెప్తారుగా.”

“డాక్టరమ్మ చెప్పింది బెజవాడ బస్టాండులోనే వదిలేసి వచ్చావా ఏంటే?”

షైని మూతి ముడుచుకుంది.

కూడిక రోజు మిట్టమధ్యాహ్నం. షామియానా కింద చుట్టాలు, కాటన్ మిల్లులో జోజప్పతో బేళ్ళు మోసేవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు. అతను మైకు పట్టుకున్నాడు.

“హ...”

అక్కడే ఆగింది. కళ్ళు మూసుకున్నాడు. దవడ బిగుసుకుంది. మైకులో శబ్దం లేదు. ఎవరో నీళ్ళ గ్లాసు తెచ్చారు. “దుఃఖంలో ఉన్నాడు పాపం” అంది వెనక కూర్చున్న మా పక్కింటి గ్లోరి. దుఃఖం లేనప్పుడు మాత్రం గడగడా మాట్లాడాడా? స్టీఫెన్ పాస్టరుగారు జాలిపడి మెల్లగా పాట ఎత్తారు. ఆడవాళ్ళు అందుకున్నారు. జోజప్ప కళ్ళు తెరిచి నావైపు చూశాడు.

లేచాను. “ఆపండి. అతను మాట్లాడుతున్నాడు.”

“పుల్లమ్మగారూ, ఆయన ఇబ్బంది పడుతుంటే...”

“పడనివ్వండి. మీరు వాక్యం చెప్పినంతసేపూ మేం కూర్చోలేదా?”

పాట ఆగిపోయింది.

“హ... హన్న... హన్నమ్మ” అన్నాడు. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. “నా మాట... ఎ... ఎప్పుడూ తుంచలేదు. ఆ... ఆగేది.”

మైకు ఇచ్చేసి కూర్చున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. అనుకున్నంత బరువేమీ దిగినట్టు నాకు అనిపించలేదు. చెప్పాల్సింది చెప్పాడు, అంతే.

భోజనాల్లో షైని మొగుడు డానీ సాంబారు బకెట్టుతో వచ్చాడు. “ఏం కావాలి మావయ్యా?”

“పె...”

“సాంబారా? ఇదిగో” అని పోసేసి ముందుకి పోయాడు. ఇందాక కూడికలో ముందు వరసలోనే కూర్చున్నాడు వీడు. జోజప్ప కోపపడలేదు. అన్నంలో సాంబారు కలుపుకుని తిన్నాడు. విస్తట్లో ఒక పక్క తెల్ల అన్నం ముట్టుకోకుండా ఉంచాడు.

పెరుగు గిన్నె నా చేతికందేంత దూరంలోనే ఉంది. తీసి వెయ్యలేదు. నా విస్తరి మీద చెయ్యి ఆపి అతని మొహంలోకి చూస్తూ కూర్చున్నాను.

“పె... పె... పెరుగు ఉందా వదినా?”

“ఉంది” అని గిన్నె అటు జరిపాను.