ఆనపబుర్ర పెంకు, గిటారు తీగ

కాఫీ పండ్ల తొక్క తీసే మిషనులో పడి నా ఎడమచేతి రెండు వేళ్ల కొసలు పోయి పది రోజులైంది. ఈ రోజు పాడేరు ఆసుపత్రిలో కట్టు మార్చిన డాక్టరు, ఇక గిటారు మర్చిపొమ్మన్నాడు. మా చర్చిలో క్రిస్మస్‌కి వాయించేది నేనొక్కణ్ణే. జీపు కోసం నిలబడి రోడ్డు మీదే ఏడ్చాను.

దారిలో, ఊరుకుంటే పిచ్చెక్కేలా ఉండి, జీపులో పక్కనే ఉన్న నాన్నకి ఒక సంగతి చెప్పాను. పాతకాలపు విదేశీ రాక్ గిటారిస్టుల్లో ఒకాయనకి ఇలాగే మిషనులో వేళ్ల కొసలు పోతే, ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని వాయించాడని, గొప్పవాళ్లలో ఒకడయ్యాడని. నా గిటారుని ఎప్పుడూ 'ఆ డొక్కు' అనే నాన్న బయటికే చూస్తూ కూర్చున్నాడు. వినలేదనుకున్నాను.

సాయంత్రం పెరట్లో నాన్న తన ఆనపబుర్రని కోసేసి కనిపించాడు. రోజూ కొండ మీదికి అంబలి పోసుకెళ్లే ఎండు సొరకాయ బుర్ర అది. దాని పెంకు ముక్కల్ని వేలి వంపుకి అరగదీస్తున్నాడు.

"ఏటి నాన్నా, రేపు అంబలి దేన్లో పట్టుకెల్తావు?"

"సీసాలోనైనా ఎల్తాది. ఆ దొరలాగ కరిగించడం నాకు రాదు. సెక్కడమే వచ్చు."

నా పుండు ఇంకా మానలేదు కనక తన వేలికే తొడిగి, డొక్కు మీద నొక్కి చూశాడు. పెంకు జారిపోయింది.

గొప్ప గిటారిస్టు ఎవరని ఈ గ్రూపులో రోజూ కొట్లాడుకుంటారు కదా, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. తీగ మీద పెంకు జారకుండా ఏం అంటించాలి? నాన్న ఇప్పటికి మూడుసార్లు అడిగాడు.