గడ్డి మీద పద్దెనిమిది గుంతలు

డోన్ స్టేషనుకు అవతల, రైలు కట్ట దాటితే, ఏమీ పండని ఎర్రమట్టి బీడు ఒకటి ఉండేది. రాతి గనుల మేనేజరుగా వచ్చిన తెల్లదొర అక్కడ ఆరు గుంతలు తవ్వించి గోల్ఫ్ ఆడేవాడు. వానలే లేని చోట పచ్చిక ఎక్కడిది? గుంత చుట్టూ మాత్రం ఇసుకలో వాడేసిన ఇంజను నూనె కలిపి నున్నగా పరిపించాడు. ఆడినవాళ్లు వెళ్లేముందు ఆ నల్ల ఇసుకను గోనెపట్టతో సాపు చేసి పోవాలి. ఊళ్లోవాళ్లు దాన్ని గుంతలాట అనేవారు. పిల్లల గోలీలాటకూ మా దగ్గర అదే పేరు.

నేను ఆ గనుల్లో బండల కొలతలు చూసేవాణ్ణి. చదువు మూడో తరగతితో ఆగింది. చదరపు అడుగులు, వ్యాగన్ల బరువు, కూలి లెక్క అన్నీ చేస్తూ చేస్తూ నేర్చుకున్నవే. జతగా ఆడటానికి మరో తెల్లవాడు లేక దొర ఒకనాడు నా చేతికి కర్ర ఇచ్చాడు. కర్రల ఇనుప తలలు వదులైతే బిగించడానికి వచ్చే కళాయి భాయ్ చేతికి మరొకటి ఇచ్చాడు. ఊళ్లో ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టి బతికే భాయ్ నాకంటే బాగా కొట్టేవాడు. దొర ఉద్యోగం మాని ఊటీలో స్థిరపడ్డాక ఆ పాత కర్రలు మాకే మిగిలాయి.

ఆదివారాలు మేమిద్దరం ఆ ఆరు గుంతలనే మూడుసార్లు తిరిగి పద్దెనిమిది అనుకునేవాళ్లం. ఎక్కంలో తప్పు లేదు. అయినా మనసులో ఇద్దరికీ తెలుసు, మేం నిజంగా ఆడింది ఆరే.

యుద్ధం రోజుల్లో దొర దగ్గర నుంచి జాబు వచ్చింది. ఊటీ గోల్ఫ్ మైదానం దేశమంతా పేరున్నది. అందులో ఒక సోమవారం పొద్దున, సభ్యులు రాని వేళ, మేమిద్దరం ఆడేందుకు అనుమతి తీసుకున్నాడట. మధ్యాహ్నానికి ఖాళీ చేయాలి. మళ్లీ అలాంటి అవకాశం రాదని ఆయనా రాశాడు, మేమూ అనుకున్నాం. పద్దెనిమిది వేరువేరు గుంతలు, ఇద్దరం కలిసి, మొదటినుంచి చివరిదాకా ఆడాలి. మా కోరిక అంతే.

ఖర్చు లెక్క మా ఇంటి పంచలో పరిచిన నల్ల కడపరాయి మీద సుద్దముక్కతో వేశాను. ఏ లెక్కయినా నాకు ఆ బండ మీదే తేలుతుంది.

"గుంతలో బంతి ఏసేదానికి అంత దూరం పోవల్లనా? మన దొడ్లో గుంతలు లేవా?" అంది నా భార్య, అంకెల మీద కాలు పడకుండా కుచ్చిళ్లు ఎత్తి దాటుతూ.

"దొడ్లో గుంతలైతే లెక్క రాసే పని ఉండదు గదక్కా. మీ ఆయనకు పొద్దెట్ల పోతాది?" అన్నాడు భాయ్.

గుంతకల్లు, కడప మీదుగా అరక్కోణం, అక్కడినుంచి మెట్టుపాళయం, అంతా మూడో తరగతి. దారికి జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి. కంబళ్లు ఇంట్లోవే. పడక దొర ఇంటి వెనక గదిలో. సంచులు మోసే కూలివాళ్ల ఖర్చు కొట్టేశాను. కొండ రైలును కూడా కొట్టేసి బస్సు రాశాను. భాయ్ వంగి ఆ బస్సును బొటనవేలితో చెరిపేశాడు.

"రైలు యాల కొట్టేస్తాండావప్పా? పట్టాల నడమ రంపానికున్నట్ల పండ్లుంటాయంట. నేను చూడాల."

"చూసేదానికి దుడ్లు ఎక్కువైతాయి భాయ్."

"నా బీడీలు కొట్టెయ్. నెల దినాలు మానుకుంటా."

ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు బస్సు అని రాజీ పడ్డాం. ఇద్దరం దాచుకున్నది, మా చెట్టు చింతపండు అమ్మినది కలిపితే యాభై రూపాయలు. లెక్క దానికి సరిగ్గా దిగింది. ఆ బండను రెండు రోజులు కడగనివ్వలేదు నేను.

బంతులు ఆ లెక్కలో లేవు. ఉన్న నాలుగూ సంచిలో వేసుకున్నాం. బంతి పోవడమనేది మాకు తెలియదు. మా బీడులో ఎంత దూరం దొర్లినా ఎర్రమట్టి మీద తెల్లగా కనబడుతూనే ఉంటుంది. తోలు ఊడేదాకా దానితోనే ఆడేవాళ్లం.

ఊటీలో మొదటి గుంత దగ్గర భాయ్ చెప్పులు విడిచాడు.

"తొక్కబుద్ధి కాలేదప్పా. ఈ గడ్డి చూస్తే మన మేకలు ఏడుస్తాయి," అన్నాడు. ఆ గుంత కాగానే అటూ ఇటూ చూసి, "గోనెపట్ట యాడ?" అన్నాడు. నేనూ దానికోసమే వెతుకుతున్నాను.

గడ్డి దాటితే ఏముందో తరవాత తెలిసింది. మైదానం పక్కనంతా పసుపుపూల ముళ్లపొదలు. రెండో గుంతకే నా బంతి అందులో దూరింది. చేతులు గీరుకున్నాయి తప్ప దొరకలేదు. మరొకటి, ఇంకొకటి అలాగే పోయాయి. పదకొండో గుంత దగ్గరికి ఒక్కటే మిగిలింది. యుద్ధం తెచ్చిన రబ్బరు కరువు వల్ల అక్కడ కొనడానికీ బంతులు లేవు. కాలినొప్పితో ఆడలేక క్లబ్బు వరండాలో కూర్చున్న దొర తనవన్నీ ఎప్పుడో పోగొట్టుకున్నాడు.

"నువ్వాడు భాయ్. నేను సంచులు మోస్తా," అన్నాను.

"ఇంత లెక్క కట్టి, ఒక మనిషిని తక్కువ కట్టినావా?" అన్నాడు భాయ్. బంతిని కొట్టాడు. అది మైదానం మధ్యలో పడింది. కర్రను సంచిలో వేసి నడిచాడు. బంతి దగ్గరికి చేరాక పక్కకు జరిగాడు. "ఇప్పుడు నువ్వు. ఈడినుంచే. మెల్లగ కొట్టు, మొనగానితనం వద్దు."

అలా వంతులవారీగా ఆ ఒక్క బంతితో నడిచాం. పొద కనిపిస్తే దూరంగా, పొట్టిపొట్టిగా కొట్టాం. ఒకసారి అది పొద అంచుకు దొర్లితే ఇద్దరం పరుగెత్తాం.

చివరి గుంత దగ్గర వంతు నాది.

"నా మొకం చూడాకు. గుంత చూడు," అన్నాడు.

నేను కొట్టింది జానెడు ముందే ఆగింది. భాయ్ నవ్వుతూ దాన్ని మెల్లగా లోపలికి నెట్టాడు. వంగి చేయి పెట్టి తీసి, చొక్కాకు తుడిచి, నా అరచేతిలో పెట్టాడు.

"ఎవరు గెలిచారు?" అని వరండాలోంచి దొర కేకేశాడు.

లెక్క చెప్పవలసింది నేనే కాబట్టి భాయ్ నా వైపు చూశాడు.

"పద్దెనిమిదీ ఆడినాం దొరా, ఇద్దరం," అన్నాను.