సీజర్ తల్లి బతికిందా?

"ఇంట్ల ఆ మాట అనొద్దని చెప్పిననా లేదా?"

"నేనేడ అన్ననే? టీవీ అన్నది."

"టీవీ పెట్టింది ఎవరు? పక్కింటోళ్లు వచ్చి పెట్టి పోయిన్రా?"

"అరె, అది రాజసొంటోడి పేరే! రోము దేశపోడు. సీజర్!"

"మల్ల అంటున్నవ్! నిండు చూలాలు గోడ కాడ కూసున్నది, కండ్లు కనిపిస్తలేవా?"

ఇదీ నాకూ మా ఇంటాయనకూ ఒక సాయంత్రం జరిగిన జగడం. ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నంలో జొన్న మొలవాల్సిన చోట రంగు వేసిన హద్దురాళ్లు మొలిచేవి. పొద్దున పొలమని చూసుకుంటూ పోయింది పొద్దుగూకేసరికి వెంచరయ్యేది. ఎవరింట్లో చూసినా కొత్త టీవీ. మేం అమ్ముకున్న పొలమేమీ లేదు గానీ మా ఇంటాయన బస్సు డిపోలో మెకానిక్కు. ఎవరో వద్దనుకున్న టీవీని తెచ్చి, విప్పి, మళ్లీ బిగించి, మాట్లాడించాడు. (చీకటి పడందే లైటు వేయనివ్వని నేను, ఆ టీవీకి ఒక్క వార్తలు మాత్రం మంజూరు చేశాను. వార్తలు చూస్తే కరెంటు దండగ కాదని నా నమ్మకం. అప్పటి వార్తలు వేరు లెండి.)

నాకప్పటికి నలభై నిండలేదు. అయినా పెద్దబిడ్డ తొలి కానుపుకు పుట్టింటికి వచ్చిందంటే తల్లికి పెద్దరికం దానంతటదే వస్తుందని, నవ్వడం తగ్గించి, కనుబొమలు ముడిచి తిరిగేదాన్ని. ఆ మధ్యాహ్నమే బస్టాండు దగ్గరి కొత్త దవాఖానలో డాక్టరమ్మ కడుపు తడిమి చూసి, "బిడ్డ అడ్డం తిరిగి ఉన్నది. నొప్పులొచ్చేదాక ఆగితే ఇద్దరికీ కష్టం. రేపు పొద్దున పరగడుపున రండి, సీజర్ చేద్దాం" అంది. మా బిడ్డ ఆటోలో దారి పొడుగునా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. గడప దాటాక కూడా వదలకుండా, "అమ్మా, నేను పోను. కోస్తే నేను బతుక" అని కూలబడింది.

మూడో తరగతితో బడి మానిన దాన్ని, దానికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. తోచింది ఒక్కటే. మా వైపు చీకటి పడ్డాక పామును పాము అనరు, పురుగు అంటారు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని భయం. ఆ పద్ధతినే ఇంట్లో చట్టం చేశాను: సీజర్ అనే మాట ఎవరూ నోటితో అనకూడదు, 'ఆ పని' అనాలి. అన్నవాళ్లకు ఆ పూట రొట్టె లేదు.

చట్టం చేసి వంటింట్లో పిండి పిసుకుతుంటే, ముందు గదిలోంచి ఉరుములాంటి గొంతు వినిపించింది. "ఆ ఉదయం సీజర్‌కు తెలియదు... కత్తులు తన కోసమే ఎదురు చూస్తున్నాయని!" వార్తల కోసం మీటలు నొక్కుతూ నొక్కుతూ మా ఇంటాయన రోము నగరంలో దిగబడ్డాడు. నేను పిండి చేతులతో పరుగెత్తాను. పైన రాసిన జగడం అప్పటిదే.

టీవీ కట్టేయబోయాను. సరిగ్గా అప్పుడే ఆ గొంతు దిగి, గుసగుసగా పలికింది: "ప్రాచుర్యంలో ఉన్న ఒక కథనం ప్రకారం, తల్లి గర్భాన్ని చీల్చి సీజర్‌ను బయటికి తీశారు. మరి ఆ తల్లి ఏమైంది? విరామం తరువాత!"

నేను మా ఇంటాయన వైపు తిరిగాను.

"రాజు పేరన్నవ్ గదా?" అన్నాను.

"పేరే... గీ సంగతి నాకేమెరుక?"

గోడ దగ్గరి నుంచి మా బిడ్డ గొంతు వచ్చింది. "అమ్మా, ఆపకు. ఆ తల్లి బతికిందా లేదా, సూడనీ."

సబ్బులు, ఫ్యాన్లు, ప్లాట్లు, అన్ని ప్రకటనలూ కూర్చుని చూశాను. పిండి నా చేతుల మీదే ఎండిపోయింది. విరామం అయ్యాక కథ ముందుకు పోతుందనుకుంటే, విరామానికి ముందు చెప్పిందంతా మళ్లీ మొదలు పెట్టారు. తగలబడే ఇల్లు ఒకటే, దాన్నే మాటిమాటికీ తగలబెట్టారు. తెల్ల దుప్పట్లు కప్పుకున్న ఓ పదిమంది మెట్లెక్కుతారు, కాసేపటికి మళ్లీ వాళ్లే ఎక్కుతారు. వంకర ముక్కు ఆయన ఒకడు యుద్ధంలో చచ్చిపోయి, వెంటనే బజారులో అంజీర పండ్లు కొంటున్నాడు. (నాకు కోపం రాలేదు. ఒక్క పట్టుచీరతో అన్ని పెండ్లిళ్లూ గట్టెక్కించిన దాన్ని, పొదుపు ఎవరు చేసినా గౌరవిస్తాను.) "సీజర్ బహుశా ఆ రాత్రి నిద్రపోలేదు" అన్నాడు గొంతాయన. "ఈయన పోయి పక్కల పండుకున్నడా?" అన్నాను. "జర ఊకో" అన్నాడు మా ఇంటాయన.

చివరికి పుస్తకాల బీరువా ముందు కూర్చున్న ఒక తెల్లగడ్డం పెద్దమనిషి వచ్చాడు. ఆయన పెదవులు ఆగినా తెలుగు మాట ఆగలేదు. "సీజర్ తల్లి, కొడుకు సేనాపతి అయ్యేంత వరకూ జీవించే ఉంది."

"బతికింది!" మా ఇంటాయన తొడ చరిచాడు. "చూసినవా బిడ్డా, బతికింది!"

"కాబట్టి," అన్నాడు తెల్లగడ్డం, "ఆ కథ నిజం కాకపోవచ్చు. ఆ కాలంలో కడుపు కోస్తే తల్లి బతకడం దాదాపు అసాధ్యం."

బాగుచేసి పంపిన బస్సు డిపో గేటు దగ్గరే ఆగిపోతే ఎలా చూస్తాడో, మా ఇంటాయన టీవీని అలా చూశాడు. నేను గభాలున కట్టేశాను. రేపటి దవాఖాన ప్రయాణం ఇక గంగపాలే అనుకున్నాను.

"బాపూ," అంది మా బిడ్డ, "అప్పుడు మత్తు సూదులు ఉండెనా?"

"ఏడియి బిడ్డా! దీపాలు పెట్టుకొని బతికినోళ్లు."

"రక్తం ఎక్కించుడు?"

"అది గూడ లేకుండె."

"ఇప్పుడు కత్తులను వేడినీళ్లల్ల ఉడకబెడ్తరు గదా, గట్ల చేసిన్రా?"

"వాళ్లా? వాళ్ల చేతులే కడిగిన్రో లేదో!"

మా బిడ్డ కడుపు నిమురుకుంది. "గట్లయితే నేను పొద్దటి సంది రెండు వేల ఏండ్ల కిందటి దానికి భయపడుతున్నట్టు" అంది. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా లేచింది. "అమ్మా, రొట్టె పెట్టు. మల్ల పరగడుపున ఉండాలె గదా. పొద్దుగాల పోదాం. సీజరే చేయించుకుంట."

చట్టాన్ని నా ముందే ముక్కలు చేసింది. రొట్టె మీద ఇంకో చెంచా నెయ్యి వేశాను. (నెయ్యి నా చేతి నుంచి అలా జారడం మా ఇంట్లో చరిత్రే, దాన్ని ఎవరూ టీవీలో చూపించలేదు.)

ఇప్పుడు నేను నిజంగానే ముసలిదాన్ని. అలాంటి కార్యక్రమాలు వస్తే ఛానెల్ మార్చనివ్వను. గొంతాయన 'బహుశా' అన్నప్పుడల్లా జవాబు చెబుతాను. నలభై నిండకుండానే కనుబొమలు ముడుచుకుని, పేరు పలకకపోతే కష్టం మన గడప మరిచిపోతుందని నమ్మిన ఆనాటి నేను గుర్తుకొస్తే నవ్వొస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని, జర నవ్వవే, అని చెప్పాలనిపిస్తుంది.

మరునాడు పొద్దున ముగ్గురం ఆటోలో పోయాం. ఎండ ముదరకముందే నర్సు ఒక ఆడపిల్లను గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఒకటే ఏడుపు. కాసేపటికి మా బిడ్డను మంచం మీదికి తెచ్చారు. కండ్లు సగం తెరిచి, పిల్లను చూసి, తర్వాత నన్ను చూసింది.

"అమ్మా, చాయ్ తాగినవా?"

"లేదు బిడ్డా."

"తాగిరా పో" అంది.