మామ్మ తోడుకు నేను వేసిన మాత్ర

మా మామ్మ నలభై ఏళ్లుగా కాపాడుకున్న పెరుగు పరువును ఒక్క మాత్రతో తీసిన ఘనుణ్ని నేనే. మీరు హాయిగా నవ్వుకోండి. నేనైతే ఆ రోజు ఏడ్చాను.

అప్పుడు కాకినాడలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ మొదటి ఏడాది. ఒక్క పాఠం వినగానే శాస్త్రవేత్తనైపోయానని నమ్మే వయసు. కొన్ని యాంటీబయాటిక్‌లు తగిలితే బ్యాక్టీరియా తన డీఎన్ఏను కాపీ చేసుకోలేదని, ప్రాణం మీదికొస్తే రిపేరు జన్యువులను నిద్రలేపుతుందని సారు చెప్పారు. సెలవులకు పెనుగొండ దగ్గర మా ఊరొచ్చి, ఆ రిపేరేదో కళ్లారా చూద్దామని, నాన్నగారు సగంలో మానేసిన అలాంటి మాత్రల్లో ఒకటి పొడి చేసి, గిన్నెడు పెరుగులో కలిపి వంటింటి గూట్లో పెట్టాను.

మా ఇంట్లో ఆ గూట్లో ఏ గిన్నె ఉంటే అదే తోడు. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసిన మేధావినే నేను! గుడిలో అన్నదానానికి ఏటా పెరుగు పంపేది మామ్మే. ఆ సాయంత్రం, మర్నాటి అన్నదానం కోసం ఇరవై లీటర్ల పాలకు ఆ గిన్నెతోనే తోడుపెట్టేసింది.

పొద్దున్నే కేక.

"ఏంట్రా ఇది? నిన్న పాలు, ఇవాళా పాలే!"

నిజం కక్కక తప్పలేదు. "బ్యాక్టీరియాకి డీఎన్ఏ కాపీ ఆగిపోయింది మామ్మా. ఇప్పుడవి రిపేరు జన్యువులు ఆన్ చేసుకుంటాయి."

"ఆ రిపేరు ఎప్పటికవుద్ది? పదకొండింటికి వడ్డన!"

"అవ్వకపోవచ్చు."

"పోనీ పరవాన్నం వండేద్దాం."

"అయ్యబాబోయ్, మందు కలిసింది!"

"అయితే కొబ్బరిచెట్టుకి పొయ్యి."

"మట్టిలో బ్యాక్టీరియా మందుకి అలవాటు పడిపోద్ది మామ్మా."

"అయితే నీ నెత్తిన పోసుకో!"

ఇక మిగిలింది ఎదురింటి వెంకాయమ్మ గారు. పెరుగు విషయంలో మామ్మకు బద్ధశత్రువు. అన్నదానానికి ఆవిడా ఏటా తోడుపెడుతుంది, గుడివాళ్లు ఏటా మామ్మదే తీసుకుంటారు. మామ్మ కళ్లనీళ్లు పెట్టుకుని నన్నే పంపింది.

"పెరుగు కావాలండి, మామ్మ పంపింది."

"ఎవరు పంపారూ? కాస్త గట్టిగా చెప్పు బాబూ, వీధికి వినబడాలి."

మూడుసార్లు చెప్పించుకుని, నవ్వుతూ రెండు గంగాళాల గడ్డపెరుగు ఇచ్చింది. ఊరంతా లొట్టలేసుకుంటూ తిన్నది. మామ్మ మాత్రం "పులుపు" అని విస్తరి మడిచేసింది.

మర్నాటి నుంచి వెంకాయమ్మ గారు రోజూ మా గుమ్మంలోకొచ్చి పరామర్శించడం మొదలుపెట్టారు.

"మీ తోడుకి ఒంట్లో నలత తగ్గిందాండి?"

మామ్మ ఆ గూటికి తలుపు పెట్టించి తాళం వేసింది. ఆ తాళం మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: డాక్టరు రాయనిదే మాత్ర ముట్టను, రాస్తే సగంలో మానను, లోకంలో ఏ బ్యాక్టీరియాతోనైనా పెట్టుకుంటాను గానీ మా మామ్మ తోడు జోలికి పోను.