క్రిస్టీనా పరిచిన హాలండ్ కార్పెట్

పారేసిన వస్తువును చూసి ఊరికే వెళ్ళిపోవడం నా భార్య క్రిస్టీనాకు చేతకాదు. బహ్రెయిన్‌లోని మనామాలో మా గదిలోని సామానంతా అలా వచ్చిందే. ఇక్కడ చెత్తడ్రమ్ము పక్కన ఎవరైనా ఫ్యానో, కుర్చీయో పెట్టారంటే కావలసినవాళ్ళు పట్టుకెళ్ళమని అర్థం.

నేను గుమాస్తాగా ఉన్న ఆఫీసులో హాలండ్ కార్పెట్ పరిచారు. కొనలేదు, అద్దెకు తెచ్చారు. చదరపు ముక్కలు. వాడకం అయ్యాక ఆ హాలండ్ కంపెనీయే వెనక్కి తీసుకెళ్ళి, కరిగించి కొత్తవి చేస్తుందట. అదంతా నేనే కనిపెట్టినట్టు, ఇక్కడి సెలవురోజు శుక్రవారం ఆరాధన అయ్యాక మా తెలుగు సహవాసంలో దంచేవాణ్ణి. "యూరప్‌లో ఇక చెత్త అనేదే ఉండదు!" అనేవాణ్ణి. సహవాసంలో అందరికీ పెద్ద జీవమ్మత్త కునుకు తీసేది.

2006లో ఆఫీసు చిన్న భవనానికి మారింది. మిగిలిన ముక్కలు తిప్పి పంపే పని నాది. పొద్దున లారీకి అందుబాటులో ఉంటాయని, ఇంత తెలిసినవాణ్ణయ్యుండీ వాటిని చెత్తడ్రమ్ము పక్కనే పేర్పించాను. తెల్లారేసరికి ఒక్కటీ లేదు.

"శనివారం కార్పెట్ కంపెనీ మనిషి హెండ్రిక్ వస్తాడు. ముక్కలు దొరకలేదా, నీ వీసా ఖలాస్," అన్నాడు మేనేజరు.

శుక్రవారం మా సహవాసం ప్రార్థన హాల్లో చెప్పులు విడిచి అడుగు పెట్టాను. పాదాలకు మెత్తగా తగిలింది.

"ఎవరో పారేశారండీ! మన ఏబెల్ చూసి ఫోన్ చేస్తే వ్యానులో తెచ్చి జిగురుతో అంటించేశాం," అంది క్రిస్టీనా.

"ఆ ఎవరో నేనే."

"మీరా? చెత్తే ఉండదని చెప్పింది మీరే కదండీ!"

"అయ్యా ఎలియేజరూ, నువ్వు చెప్పేది నాకు ఇవాళే బోధపడింది," అంది జీవమ్మత్త, మోకాళ్ళు నిమురుకుంటూ.

మర్నాడు హెండ్రిక్‌ను అక్కడికే తీసుకెళ్ళాను. ఒక మూల పట్టి లాగాడు. చిరిగింది. నేను మనసులో పెట్టె సర్దేసుకున్నాను.

"అరగనివాటిని కరిగించడం ఎందుకో అడగండి," అంది క్రిస్టీనా, టీ అందిస్తూ. ఇంగ్లీషులో అడిగాను.

హెండ్రిక్ టీ అంతా తాగాడు. "ఇది రెండో వాడకం అని మావాళ్ళకు నేను చెబుతాను. అరిగాక పంపండి. చిరిగినా ఫరవాలేదు. ఏటా చూసి చెప్పే బాధ్యత నీది," అన్నాడు.

ఉద్యోగం నిలిచింది. పైగా హాలండ్ కంపెనీ తరఫున ఏడాదికోసారి మోకాళ్ళ మీద పాకే అధికారినయ్యాను. నేను పాకుతుంటే క్రిస్టీనా అందరినీ పిలిచి చూపించేది.

నిరుడు ఆమె పోయింది. ఈ ఏడు ఒక్కణ్ణే పాకాను. తలుపు పక్కన, ఆమె కూర్చునే చోట, ముక్క అరిగి దారాలు తేలాయి. రూలు ప్రకారం అది హాలండ్ వెళ్ళాలి. కరిగి ఏ ఆఫీసులోనో కొత్త కార్పెట్ కావాలి.

హెండ్రిక్ ఫోన్ చేశాడు.

"ఒక్కటీ అరగలేదు," అన్నాను.

యూరప్ కొన్నాళ్ళు ఆగుతుంది.